1500 చదరపు అడుగుల ఇంటికి 58 డౌన్‌లైట్లు, గదిగదికీ కోవ్ లైట్లు అవసరమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మిర్యాలగూడలో మూడు పడకగదుల ఇల్లు, సుమారు 1500 చదరపు అడుగులు. ప్లాస్టరింగ్ అయిపోయింది, ఫాల్స్ సీలింగ్ మొదలుపెట్టాలి. ఇంటీరియర్ చేసేవాళ్ళు ఇచ్చిన డ్రాయింగ్‌లో 12 వాట్ల డౌన్‌లైట్లు (సీలింగ్‌లో దిగేసి కిందికి వెలుతురు ఇచ్చేవి) 58, నాలుగు గదుల్లో, పూజగదిలో చుట్టూ కోవ్ లైటు (సీలింగ్ అంచు వెనక దాచి పెట్టే ఎల్‌ఈడీ స్ట్రిప్), హాల్లో ఒక ఝూమర్ (షాండ్లియర్) ఉన్నాయి. "అన్నీ ఎల్‌ఈడీలే సార్, ఎన్ని పెట్టినా కరెంటు తినవు" అన్నారు. ఇది నిజమేనా, బిల్లు ఎంత వస్తుంది, ఏవి ఉంచాలి ఏవి తీసెయ్యాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. డౌన్‌లైట్లు సగానికి పైగా తీసెయ్యండి, కోవ్ లైటు హాల్లోనూ ఒక్క పడకగదిలోనూ ఉంచి మిగతాచోట్ల వద్దనండి, ఝూమర్ సంగతి కింద చెప్తాను. అన్నిటికంటే ముఖ్యం, ఎన్ని లైట్లు అని కాదు, ఏ స్విచ్చు వేస్తే ఏ లైటు వెలుగుతుంది అని అడగండి. డ్రాయింగ్‌లో స్విచ్చుల లెక్క లేకపోతే అది లైటింగ్ డ్రాయింగ్ కాదు, సీలింగ్‌కి చుక్కలు పెట్టిన కాగితం అంతే.

నేను నల్లగొండలో వైరింగ్ పనితో మొదలుపెట్టి ఇప్పుడు ఇళ్ళకీ షాపులకీ లైటింగ్ పనులు చేస్తున్నాను. మీ వైపు, సూర్యాపేట, దేవరకొండ, అటు పాలమూరు, జడ్చర్ల దాకా తిరుగుతుంటాను కాబట్టి కింద రాసేది ఎక్కువగా మన ఎండ, మన కరెంటు, మన పురుగుల మధ్య చూసినదే.

ముందు బిల్లు లెక్క. 58 లైట్లు, ఒక్కోటి 12 వాట్లు, అంటే 696 వాట్లు. 12 బై 14 అడుగుల గదికి చుట్టుకొలత 52 అడుగులు, అంటే దాదాపు 16 మీటర్లు. అలాంటివి నాలుగు గదులు, పూజగది కలిపితే 70 మీటర్ల స్ట్రిప్. మామూలుగా వేసే స్ట్రిప్ మీటరుకి 10 వాట్లు లాగుతుంది, కాబట్టి ఇంకో 700 వాట్లు. ఈ స్ట్రిప్ లెక్క ఎవరూ వెయ్యరు, సన్నగా రిబ్బన్‌లా ఉంటుంది కాబట్టి అది ఏం తింటుందిలే అనుకుంటారు. ఝూమర్ 60 అనుకుందాం. మొత్తం దగ్గరదగ్గర 1450 వాట్లు. సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా అన్నీ వెలిగితే రోజుకి 7 యూనిట్ల పైన, నెలకి 217 యూనిట్లు, లైట్లకే. అన్నీ ఒకేసారి ఎవరు వేస్తారండీ అంటారు, నిజమే, వెయ్యరు. మూడో వంతు వేసినా 70 యూనిట్లు దాటుతుంది.

ఇప్పుడు నేను చేసే పద్ధతి: 8 వాట్ల డౌన్‌లైట్లు 26, స్ట్రిప్ 28 మీటర్లు (మీటరుకి 8 వాట్లది), 20 వాట్ల ట్యూబ్ బ్యాటెన్లు (ట్యూబ్‌లైటు లాంటి పొడుగు ఎల్‌ఈడీలు) నాలుగు, అద్దం దగ్గరా మెట్ల దగ్గరా చిన్నచిన్నవి కలిపి ఒక 50 వాట్లు. మొత్తం బిగించింది 560 వాట్లు. అందులో స్విచ్చులు సరిగ్గా విడగొడితే ఒక సమయంలో వెలిగేది 200 వాట్ల దగ్గరే ఉంటుంది. నెలకి 30 యూనిట్లు. అదే ఇల్లు, వెలుతురు తక్కువేం కాదు.

ఈ తేడా మన దగ్గర ఎందుకు పట్టించుకోవాలంటే టారిఫ్ స్లాబుల వల్ల. నెలకి 200 యూనిట్ల లోపు ఉంటే మొదటి వంద 3 రూపాయల 40 పైసలు, రెండో వంద 4 రూపాయల 80 పైసలు. 200 దాటారంటే ఆ మొదటి 200 కూడా 5 రూపాయల 10 పైసల చొప్పున పడతాయి, పైన వచ్చే వందకి 7 రూపాయల 70 పైసలు. అంటే గీత దాటిన ఒక్క యూనిట్‌కి రెండొందల రూపాయల పైన భారం. గృహజ్యోతి పథకం కింద 200 లోపు సున్నా బిల్లు వస్తున్నవాళ్ళకైతే గీత దాటిన నెల మొత్తం కట్టాల్సిందే. వేసవిలో ఏసీ ఎలాగూ దాటిస్తుంది, మిగతా నెలల్లో లైట్లు దాటించకుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్న పని.

ఎల్‌ఈడీ కరెంటు తినదు అనే నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో అందరికీ తెలుసు. 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుతురు 8, 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది. 2015లో ఉజాలా పథకం మొదలై దేశం మొత్తం మీద 36 కోట్లకు పైగా బల్బులు పంచారు, ఊరూరా తేడా బిల్లులో కనిపించింది. కానీ అప్పుడు చేసింది ఒక బల్బు తీసి ఒక బల్బు పెట్టడం. ఇప్పుడు ఒక ట్యూబ్‌లైటు ఉన్న గదిలో పన్నెండు డౌన్‌లైట్లూ ఒక కోవ్ పెట్టి అదే మాట చెప్తున్నారు. పాత చోక్ ట్యూబ్‌లైటు చోక్‌తో కలిపి 50 వాట్లు లాగేది. ఈ పన్నెండూ కోవ్ కలిపితే 300 దాటుతుంది. పొదుపు ఎక్కడ?

మాటలో మాట, నిజంగా బిల్లు తగ్గించుకోవాలంటే లైట్ల కంటే ముందు ఫ్యాన్లు చూడండి. పాత ఫ్యాను 70, 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటు తినే కొత్త రకం మోటారుది) 30 దగ్గర. ఐదు ఫ్యాన్లు రోజుకి పన్నెండు గంటలు తిరిగితే నెలకి 80 యూనిట్ల తేడా. డిజైనర్ డ్రాయింగ్‌లో ఫ్యాన్ల గురించి ఒక్క మాట ఉండదు, ఎందుకంటే ఫ్యాను మీద వాళ్ళకి మిగిలేది తక్కువ.

వెలుతురు ఎంత కావాలి? వాట్లు చూడకండి, ల్యూమెన్లు చూడండి. డబ్బా మీద రాసి ఉంటుంది. వాట్ అంటే తినేది, ల్యూమెన్ అంటే ఇచ్చేది. వాట్‌కి 100 ల్యూమెన్లు ఇస్తే మంచి సరుకు, 70 ఇస్తే తిరిగి ఇచ్చెయ్యండి. తెల్లటి గోడలు, తెల్ల సీలింగ్ ఉంటే హాలుకి చదరపు అడుగుకి 25 నుంచి 30 ల్యూమెన్లు, పడకగదికి 15 నుంచి 20, వంటగదికి 35 పైన పెట్టుకుంటాను. 12 బై 14 గది అంటే 168 చదరపు అడుగులు, 4700 ల్యూమెన్లు సరిపోతాయి. అంటే 8 వాట్లవి ఆరు, లేదా 20 వాట్ల బ్యాటెన్లు రెండు, ఇంకొంచెం కోవ్. మీ డ్రాయింగ్ ప్రకారం లెక్కేస్తే డౌన్‌లైట్లతోనే చదరపు అడుగుకి 40 దాటుతుంది, కోవ్ కలిస్తే దాదాపు రెట్టింపు. అది బట్టల షాపు వెలుతురు. అందులో కూర్చుని టీవీ చూడలేరు.

గోడ రంగు మారితే ఈ లెక్క మారుతుంది. ఈమధ్య హాల్లో ఒక గోడకి ముదురు బూడిద రంగో, గోధుమ రంగు చెక్క ప్యానెలో వేస్తున్నారు, అది వెలుతురుని మింగేస్తుంది. అందుకని ఆ గోడ మీద వేరుగా రెండు లైట్లు పడేలా పెట్టాలి తప్ప గది మొత్తానికి వాట్లు పెంచకూడదు.

ఇప్పుడు గదుల సంగతి.

హాల్లో మూడు స్విచ్చుల లెక్క పెట్టుకోండి. ఒకటి రోజువారీ వెలుతురు, నాలుగో ఆరో డౌన్‌లైట్లు. రెండోది కోవ్, చుట్టాలు వచ్చినప్పుడూ టీవీ చూసేటప్పుడూ. మూడోది టీవీ గోడకో ఫొటోలున్న గోడకో రెండు సన్నటి కిరణం ఇచ్చే స్పాట్లు, కిరణం కోణం 24 లేదా 36 డిగ్రీలది. ఈ మూడూ విడివిడిగా ఉంటే ఒకే హాలు మూడు రకాలుగా కనిపిస్తుంది, అందం అంటే అదే. అన్నీ ఒకే స్విచ్చు మీద ఉంటే ఎంత ఖర్చు పెట్టినా తెల్లగా వెలిగే సీలింగ్ తప్ప ఏమీ కనిపించదు.

నేల మీద నిగనిగలాడే గ్రానైటో, పాలిష్ టైల్సో వేసి ఉంటారు కదా. సీలింగ్‌లో ఉన్న ప్రతి లైటూ నేలలో మళ్ళీ కనిపిస్తుంది. 12 లైట్లు పెడితే కంటికి 24. చిప్ పైకే కనిపించే చవక రకం డౌన్‌లైట్లు అయితే సోఫాలో వెనక్కి వాలిన మనిషికి కళ్ళు చెదురుతాయి. లోపలికి బాగా దిగి ఉన్న రకం తీసుకోండి, దుకాణంలో 'డీప్' రకం అంటే ఇస్తారు. రెండు రూకలు ఎక్కువైనా ఇది పెట్టే చోట పెట్టాల్సిన డబ్బు.

ఫ్యాను కింద మీద చూడండి. ఇది డ్రాయింగ్ గీసేవాళ్ళు తరచూ మరిచిపోయేది. 48 అంగుళాల ఫ్యాను రెక్కలు మధ్య నుంచి రెండు అడుగులు తిరుగుతాయి. సీలింగ్‌లో లైటు ఆ రెక్కల పైన పడితే గదంతా టకటకా మినుకుతున్నట్టు ఉంటుంది, పది నిమిషాల్లో తలనొప్పి. ఫ్యాను మధ్య నుంచి కనీసం నాలుగు అడుగుల దూరంలో లైటు ఉండాలి. దేవరకొండ దగ్గర ఒక ఇంట్లో అన్నీ బిగించాక నన్ను పిలిచారు, లైట్లు మినుకుతున్నాయి, డ్రైవర్లు (ఎల్‌ఈడీకి తగ్గట్టు కరెంటు మార్చి ఇచ్చే డబ్బాలు) పోయాయి అని. డ్రైవర్లు బాగానే ఉన్నాయి, ఫ్యాను ఆపితే మినుకు పోయింది. జిప్సం బోర్డుకి కొత్త రంధ్రాలు పెట్టి పాతవి పూడ్చి మళ్ళీ పెయింటు, అంతా అనవసరపు ఖర్చు.

వంటగదిలో సీలింగ్ మధ్యలో లైటు పెడితే గట్టు దగ్గర నిలబడ్డ మనిషి నీడ కూరగాయల మీదే పడుతుంది. పైఅరల కింద స్ట్రిప్ పెట్టండి, అల్యూమినియం ప్రొఫైల్‌లో, పైన పాల రంగు మూత ఉన్నది. మొత్తం ఇంట్లో స్ట్రిప్‌కి డబ్బు పెట్టాల్సిన మొదటి చోటు ఇదే. కానీ డిజైనర్లు దీన్ని వదిలేసి ఎవరూ చూడని పడకగది సీలింగ్‌లో 16 మీటర్లు వేస్తారు. వంటగదిలో సీలింగ్‌కి మామూలు బ్యాటెన్ చాలు, తాళింపు పొగ, నూనె జిడ్డు డౌన్‌లైట్ల మీద పేరుకుంటే తుడవడం ఎవరి వల్లా కాదు.

పడకగదిలో మంచం మీద పడుకుని పైకి చూసినప్పుడు లైటు కంట్లో పడకూడదు. మంచానికి రెండు పక్కలా గోడలైట్లు, బీరువా ముందు రెండు డౌన్‌లైట్లు, ఒక బ్యాటెన్, అంతే. కోవ్ ఒక్క పడకగదిలోనే. పిల్లల గదిలో బల్ల మీద వెలుతురు వేరుగా ఉండాలి. తలుపు దగ్గర ఒకటి, మంచం దగ్గర ఒకటి టూవే స్విచ్చు (ఒకే లైటుని రెండు చోట్ల నుంచీ వేసి ఆర్పేది) తప్పకుండా పెట్టించుకోండి, గోడలకి రంగు వెయ్యక ముందే, ఇప్పుడు కాకపోతే ఇక లేదు.

పూజగదిలో అసలు దీపం వెలుగుతుంది కాబట్టి 2700 కెల్విన్ (వెలుతురు రంగుకి కొలత, ఇది పసుపు ఛాయది) చిన్న స్పాట్ ఒకటి చాలు, విగ్రహం ముఖం మీద పడేలా. రంగులు మారే స్ట్రిప్ వద్దు. మందిరం చెక్కకి దగ్గరగా, దీపం సెగ తగిలే చోట స్ట్రిప్ అంటించవద్దు, జిగురు కరిగి వేలాడుతుంది.

ఝూమర్. మీకు స్లాబు ఎత్తు పది అడుగులు ఉంటుంది, ఫాల్స్ సీలింగ్ ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు తీసుకుంటుంది. ఝూమర్ కింది అంచు నేల నుంచి ఏడు అడుగుల పైనే ఉండాలి, లేదంటే పొడుగు మనిషి తల తగులుతుంది. అంటే మీకు మిగిలేది రెండు అడుగుల చిల్లర. అందులో పెట్టే ఝూమర్ గదిని చిన్నగా చూపిస్తుంది. డూప్లెక్స్ ఇంట్లో రెండంతస్తుల ఎత్తు ఉంటే దాని అందం వేరు. మీకు అంత ఇష్టమైతే డైనింగ్ బల్ల మీద వేలాడే దీపం పెట్టండి, బల్ల పైనుంచి 30 నుంచి 34 అంగుళాల ఎత్తులో, అక్కడ కింద ఎవరూ నడవరు కాబట్టి ఎత్తు బాధ లేదు. పోచంపల్లి ఇక్కత్ గుడ్డతో షేడ్ కుట్టించి ఒకరికి పెట్టాను, ఇంట్లో ఉన్న లైట్లన్నిటికంటే దాన్నే అందరూ అడుగుతారు. లోపల 7 వాట్ల బల్బు అంతే. ఏది వేలాడదీసినా బరువు స్లాబులో యాంకర్ బోల్టుకి ఉండాలి, జిప్సం బోర్డు చానెల్‌కి కాదు.

రంగు. వామ్ వైట్ 2700, 3000 కెల్విన్, మధ్యరకం 4000, కూల్ డే లైట్ 6500. మన ఇళ్ళలో ఇన్నాళ్ళూ 6500 తెల్ల లైటే, పెద్దవాళ్ళకి పసుపు లైటు పెడితే "వోల్టేజీ తక్కువుందా?" అంటారు. దానితో పోట్లాడకండి. హాల్లో, వంటగదిలో, చదివే బల్ల దగ్గర 4000 పెట్టండి, అది అందరికీ నచ్చుతుంది. కోవ్, పడకగది గోడలైట్లు, పూజగది 3000 లోపు. 6500 ఇంట్లో నాకైతే ఎక్కడా అవసరం కనిపించదు, బట్టలుతికే చోట తప్ప. ఒకే గదిలో ఒకేసారి వెలిగే లైట్లు ఒకే రంగు ఉండాలి, ఇది మాత్రం తప్పకూడదు.

త్రీ ఇన్ వన్ అని స్విచ్చు వేసి ఆర్పితే రంగు మారే లైట్లు అమ్ముతున్నారు. అన్ని రంగులూ ఒకదానిలోనే కదా అని కొంటారు. మన కరెంటు ఒకసారి కన్ను కొట్టిపోతే సగం తెల్లగా సగం పసుపుగా వస్తాయి, వాటిని మళ్ళీ ఒక దారికి తేవడానికి స్విచ్చు పదిసార్లు కొట్టుకుంటూ కూర్చోవాలి. వద్దు.

రంగులో ఇంకో సంగతి ఉంది, సీఆర్‌ఐ అంటారు. ఆ లైటులో వస్తువుల అసలు రంగు ఎంత సరిగ్గా కనిపిస్తుందో చెప్పే అంకె, వందకి. తెల్ల ఎల్‌ఈడీ అంటే లోపల ఉన్నది నీలం చిప్పే, 2014లో భౌతికశాస్త్రం నోబెల్ ఇచ్చింది ఆ నీలం ఎల్‌ఈడీకే. దానిమీద పసుపు ఫాస్ఫర్ పూత వేస్తే మన కంటికి తెల్లగా కనిపిస్తుంది. పూత చవకది అయితే అందులో ఎరుపు పాలు తక్కువ ఉంటుంది, మనిషి ముఖం పాలిపోయినట్టు, టమాటా వాడినట్టు కనిపిస్తుంది. 80 తక్కువ కాకుండా చూడండి, అద్దం ముందు, డైనింగ్ మీద 90 ఉంటే మంచిది. గద్వాలలో ఒక చీరల షాపులో ఆడవాళ్ళు చీర పట్టుకుని ప్రతిసారీ బయట వెలుతురులోకి వెళ్ళి చూసుకుని వచ్చేవారు. లోపల మెరూన్ కొన్నామనుకుంటే ఇంటికెళ్ళాక గోధుమ రంగు. 6500 చవక ప్యానెళ్ళు తీసి 4000 కెల్విన్, సీఆర్‌ఐ 90 ఉన్నవి పెట్టించాను. వాట్లు తగ్గాయి, బయటికి వెళ్ళడం కూడా తగ్గింది.

ఇక మన దగ్గర లైట్లు ఎందుకు చస్తాయి అన్నది. చాలాసార్లు చచ్చేది ఎల్‌ఈడీ చిప్ కాదు, డ్రైవర్. డబ్బా మీద 25,000 గంటలు అని ఉంటుంది, అంటే రోజుకి ఐదు గంటల లెక్కన పదమూడేళ్ళు. మరి రెండేళ్ళకే ఎందుకు పోతోంది? ఎండ. మే నెలలో నల్లగొండలో 45 డిగ్రీలు కొత్త కాదు. పైఅంతస్తు స్లాబు పగలంతా కాలి, ఆ వేడి ఫాల్స్ సీలింగ్ పైన ఉన్న ఎనిమిది అంగుళాల సందులో చిక్కుకుంటుంది. గాలి కదలదు. డ్రైవర్ లోపల ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఉంటుంది, ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారుగా సగం అవుతుంది. పాలమూరులో ఒక ఇంట్లో పైఅంతస్తులో ప్రతి వేసవికీ డ్రైవర్లు పోయేవి, కింది అంతస్తులో అవే లైట్లు, అదే రోజు బిగించినవి, ఒక్కటీ పోలేదు. స్ట్రిప్ డ్రైవర్లన్నీ సీలింగ్ లోపలి నుంచి తీసి బీరువా పైన జాలి ఉన్న పెట్టెలోకి మార్చాం, స్లాబు మీద తెల్ల కూల్ రూఫ్ పెయింటు వేయించమన్నాను. ఆ తర్వాత గొడవ లేదు, పైగా ఫ్యాను గాలి కూడా కొంచెం చల్లబడిందన్నారు.

డ్రైవర్ చేతికి అందాలి. సీలింగ్ లోపల పెట్టి మూసేస్తే అది పోయిన రోజు బోర్డు కొయ్యాల్సిందే. మీ డిజైనర్‌ని ఈ ఒక్క ప్రశ్న అడగండి, "కోవ్ డ్రైవర్లు ఎక్కడ పెడుతున్నారు?" జవాబు తడబడితే మీకు అర్థమైపోతుంది.

రెండో శత్రువు వోల్టేజీ. వేసవి చివర్లో గాలిదుమారం, ఉరుములు. ఊరి చివర కాలనీల్లో స్తంభం దగ్గర న్యూట్రల్ లూజైతే త్రీఫేజ్ సర్వీసు ఉన్న ఇంట్లో ఒక ఫేజ్ మీద 400 వోల్టుల దాకా వస్తుంది, అప్పుడు ఏ కంపెనీ లైటైనా ఒక్క క్షణంలో పోతుంది, లైట్లతో పాటు టీవీ కూడా. డీబీలో (ఎంసీబీలు ఉండే పెట్టెలో) సర్జ్ ప్రొటెక్షన్ డివైజ్, అంటే ఒక్కసారిగా ఎగసే వోల్టేజీని ఆపేది, పెట్టించండి, ఎక్కువ వోల్టేజీ వస్తే కట్ చేసే పరికరం పెట్టించండి, ఎర్తింగ్ గుంత సరిగ్గా తీయించి వేసవిలో నీళ్ళు పోస్తూ ఉండండి. డౌన్‌లైట్ డబ్బా మీద సర్జ్ 4 కేవీ అని ఉన్నది 2.5 కేవీ అని ఉన్నదానికంటే మంచిది, పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటుని ఎంత సరిగ్గా వాడుకుంటుందో చెప్పే అంకె) 0.9 పైన ఉండాలి. బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు లేని సరుకు ముట్టుకోకండి. బల్బులు, ట్యూబ్‌లకి బీఈఈ (కరెంటు పొదుపు) నక్షత్రాలు కూడా చూడండి.

స్విచ్చు ఆర్పినా లైటు సన్నగా మిణుకుమంటోంది అని చాలామంది అడుగుతారు. దయ్యం కాదు. వైర్‌మన్ ఫేజ్ బదులు న్యూట్రల్‌ని స్విచ్చుకి ఇచ్చి ఉంటాడు, లేదా స్విచ్చులో ఇండికేటర్ దీపం ఉంటుంది. మొదటిది ప్రమాదం, వెంటనే సరిచేయించాలి, ఎందుకంటే స్విచ్చు ఆఫ్‌లో ఉన్నా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది.

మూడోది పురుగులు. మీరు సాగర్ ఎడమ కాలువ కింద ఉన్నారు, చుట్టూ వరి. వానాకాలం పంట కోతకొచ్చే రోజుల్లో దీపం పురుగులు ఎలా వస్తాయో నేను చెప్పనక్కరలేదు. హాలియా వైపు ఒక ఇంటి పోర్టికోలో 6500 డౌన్‌లైట్లు పన్నెండు పెట్టారు, నెల తిరిగేసరికి ప్రతి లైటులో పురుగులు నిండి వెలుతురు సగం అయింది. నీలం పాలు ఎక్కువున్న లైటుకి పురుగులు ఎక్కువ వస్తాయి. బయట 2700 వామ్ వైట్, ఐపీ65 (దుమ్ము, నీళ్ళు లోపలికి పోనివ్వని) మూసిన రకం, అదీ గోడకి కిందికి చూసేలా రెండు చాలు, రాత్రంతా కాకుండా మనిషి కదిలితే వెలిగే సెన్సర్ పెట్టండి. ముందు గదిలో కిటికీ దగ్గర కోవ్ ఉంటే కోత రోజుల్లో అది వెయ్యకండి, పురుగుల కోసం బల్లులు కోవ్‌లోకి చేరతాయి, రాత్రి సీలింగ్ మీద మూడడుగుల బల్లి నీడ నడుస్తుంటుంది. డిజైనర్ త్రీడీ బొమ్మలో ఇది ఉండదు.

కోవ్ వేయిస్తే ఈ నాలుగు చూడండి. స్లాబుకీ కోవ్ అంచుకీ మధ్య కనీసం నాలుగైదు అంగుళాల ఖాళీ ఉండాలి, లేకపోతే వెలుతురు పరుచుకోకుండా ఒక గీతలా కనిపిస్తుంది. కోవ్ లోపల మ్యాట్ తెల్ల పెయింటు వెయ్యాలి, మెరిసే పెయింటు వేస్తే స్ట్రిప్ చుక్కలన్నీ పైన కనిపిస్తాయి. స్ట్రిప్‌ని ఒట్టి జిప్సం మీద అంటించకుండా అల్యూమినియం పట్టీ మీద వెయ్యాలి, వేడి లాగుతుంది. 12 వోల్టుల స్ట్రిప్ ఒక చివర నుంచే పదహారు మీటర్లు లాగితే రెండో చివరికి వెళ్ళేసరికి మసకబారుతుంది, అందుకని 24 వోల్టులది తీసుకుని ప్రతి ఐదు మీటర్లకీ వేరుగా డ్రైవర్ నుంచి వైరు ఇవ్వాలి. డ్రైవర్ సామర్థ్యంలో 80 శాతం మించి లోడు వెయ్యకూడదు. వెలుతురు తగ్గించుకోవాలంటే డిమ్మర్ ఉన్న డ్రైవరే కొనాలి, ఫ్యాను రెగ్యులేటర్‌ని లైటుకి పెట్టే వైర్‌మన్ కనిపిస్తే పంపించెయ్యండి.

స్మార్ట్ లైట్లు, ఫోన్‌తో వేసేవి మీరు అడగలేదు, నేనూ చెప్పను. మూడు స్విచ్చులు సరైన చోట ఉంటే అవి అక్కర్లేదు.

ఇన్వర్టర్ లైను గురించి ఒక మాట. డ్రాయింగ్‌లో అది విడిగా గుర్తు పెట్టించండి: గదికి ఒక లైటు, ఒక ఫ్యాను, వంటగది గట్టు స్ట్రిప్, మెట్లు, బాత్రూంలు. కోవ్ ఎక్కడిదీ ఇన్వర్టర్ మీద వద్దు.

కొనేటప్పుడు ఒక గదికి కావాల్సినవన్నీ ఒకే బ్యాచ్‌వి తీసుకోండి, పైన రెండు ఎక్కువ. ఒకే కంపెనీ, ఒకే 3000 కెల్విన్ అని ఉన్నా బ్యాచ్ మారితే పక్కపక్కన పెట్టినప్పుడు రంగులో తేడా తెలుస్తుంది, ఏడాది తర్వాత ఆ మోడలే దొరకదు. వారంటీ కోసం బిల్లు మీ పేరు మీద ఉండాలి, కాంట్రాక్టర్ పేరు మీద కాదు.

రేపు డిజైనర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు సోఫా, మంచం, బల్ల, బీరువా ఎక్కడ వస్తాయో డ్రాయింగ్ మీద పెన్సిల్‌తో గీసుకుని వెళ్ళండి. ఆ వస్తువుల్లో దేనికీ పనికిరాని ప్రతి డౌన్‌లైటునీ కొట్టెయ్యండి, లెక్క 25, 30 మధ్యకి దానంతట అదే వస్తుంది. సీలింగ్ బోర్డులు మూసే ముందు రోజు మాత్రం తప్పకుండా సైట్‌కి వెళ్ళి ప్రతి గదిలో వైర్లు, పైపులు, జాయింట్లు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, పక్కన టేపు పట్టి, గోడ నుంచి ఎన్ని అడుగులో కనిపించేలా.